కొత్త కాలనీలో ఉమ్మడి తోట వేస్తే మనుషులు కలుస్తారా? ముందు నారు పోయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒడిశాలోని రాయగడ శివారులో కొత్తగా వేసిన లేఅవుట్‌లోకి మీరు వచ్చి ఎనిమిది నెలలైంది. అరవైకి పైగా ఇళ్ళు. పార్వతీపురం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, కటక్, బరంపురం నుంచి బదిలీ మీద వచ్చిన ఒడియావాళ్ళు, పేపర్ మిల్లులో పనిచేసే బీహార్, జార్ఖండ్ కుటుంబాలు, పిల్లల చదువు కోసం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి అద్దెకుంటున్న ఆదివాసీ కుటుంబాలు. ఒకరితో ఒకరికి మాటల్లేవు. మధ్యలో 30 సెంట్ల ఖాళీ జాగా పిచ్చిమొక్కలతో నిండి ఉంది. అందులో అందరూ కలిసి కూరగాయలు పండిస్తే మనుషులు దగ్గరవుతారా, అవుతారంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. చివర్లో మీ అమ్మగారి గురించి ఒక వాక్యం రాశారు: "పగలంతా వరండాలో కూర్చుంటుంది, మాట్లాడే మనిషి లేరు." ఆ ఒక్క వాక్యం కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

దగ్గరవుతారు. నా కళ్ళతో చూశాను. కానీ తోటతో మొదలుపెట్టకండి, నారుమడితో మొదలుపెట్టండి. మొదటి ఏడాది జాగాను ఇంటికింత అని పంచకండి. ఆ 30 సెంట్లలో రెండు సెంట్లు బాగుచేసుకుంటే చాలు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి అక్కడ నారు పోసి, కాలనీలో ప్రతి గడపకూ పట్టుకెళ్ళి ఇవ్వండి. మిగతా జాగా సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో చెప్పాలంటే నా సంగతి కొంచెం రాయాలి. మా నాన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టులో పనిచేశారు. ఆంధ్రా, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న ఆ ప్రాజెక్టులో 1955లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఓనకఢిల్లీ క్యాంపులో నేను పుట్టాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళకు కొండల మధ్య కట్టిన ఊరు అది. అమ్మకు ఒడియా రాదు. క్వార్టరు వెనక పెరట్లో ఆనపపాదు పెడితే పందిరి కర్రలు ఇచ్చింది పక్కింటి ఒడియా ఆవిడ. గురువారం సంతకు కొండ దిగివచ్చే బోండా ఆదివాసీ ఆడవాళ్ళ దగ్గర అమ్మ కొన్న చిక్కుడు గింజలు రెండేళ్ళకు మా వీధి వీధంతా పాకాయి. ఎవరింటి చిక్కుడు చూసినా అమ్మ "అది మన గింజే" అనేది. పెద్దయ్యాక నేను కూడా మొక్కల పనిలోకే వచ్చాను. ఉద్యాన పనుల్లో 22 ఏళ్ళు ఊళ్ళు తిరిగాను. రాయగడ, గుణుపురం, జయపురం, సునాబెడ ప్రాంతాల్లో ఐదు కొత్త కాలనీల్లో ఉమ్మడి తోటలు వేయించాను. రెండు పోయాయి, మూడు నిలిచాయి.

మొదట పోయినదాని గురించి చెబుతాను. 2011లో జయపురం శివారులో ఒక కాలనీ. మీ దగ్గరలాగే ఖాళీ జాగా. మీటింగు పెట్టాం, అందరూ ఉత్సాహంగా వచ్చారు. 24 మళ్ళు చేసి చీటీలు తీసి ఇంటికొకటి పంచాం. ఆ రోజు ఫొటోలు కూడా తీసుకున్నాం. నెల తిరక్కుండానే ఒకాయన తన మడి చుట్టూ వెదురు కంచె కట్టాడు, కోళ్ళు వస్తున్నాయని. పక్కవాళ్ళూ కట్టారు. వర్షాకాలం సగమయ్యేసరికి ఆ జాగాలో 24 పెరళ్ళు, వాటి మధ్య మనిషి పట్టని సందులు మిగిలాయి. ఉన్నది ఒకటే కుళాయి, దాని దగ్గర వంతుల గొడవ. బాగా పండించినవాళ్ళకు కాయలు పోతున్నాయని అనుమానం, మడి బీడు పెట్టినవాళ్ళకు నామోషీ. దసరా నాటికి తొమ్మిది మళ్ళే సాగులో ఉన్నాయి. అంతకుముందు ముఖపరిచయం లేని ఇద్దరు, తోట వేశాక శత్రువులయ్యారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, ఎందుకంటే మళ్ళు పంచమని సలహా ఇచ్చింది నేనే.

బ్రిటన్‌లో ఇంటికో మడి పద్ధతి వందేళ్ళకు పైగా నడుస్తోంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అక్కడ 1908లోనే చట్టం చేశారు, జనం అడిగితే స్థానిక సంస్థ సాగుకు మళ్ళు చూపించాలి. ఒక్కో మడి సుమారు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో ఆరు సెంట్లు. 1903లో లెచ్‌వర్త్ అనే ఊరు కట్టినప్పుడు, ఊరూ సాగూ పక్కపక్కనే ఉండాలన్న ఆలోచనతోనే ప్లాను గీశారు. కానీ అక్కడ మడి తీసుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి అదే ఊళ్ళో ఉంటారు. మన రాయగడలాంటి చోట బ్యాంకు ఉద్యోగి, రైల్వే ఉద్యోగి, మిల్లు ఉద్యోగి మూడు నాలుగేళ్ళకు బదిలీ అయిపోతారు. ఆయన మడి ఆయనతోపాటే పోతుంది. అందరిదీ ఒకటే తోట అయితే మనిషి మారినా పాదు ఆగదు. కొత్త ఊళ్ళకు ఉమ్మడి పద్ధతే నయమని నేను అనడానికి ఇదే పెద్ద కారణం.

ఇక నారు ఎందుకు అన్నది.

10 గ్రాముల టమాటా విత్తనంలో దాదాపు 3000 గింజలుంటాయి. మొలిచినవి సగమే అనుకున్నా మీ నాలుగిళ్ళకు అవసరమైనదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా నారు ఆగదు. టమాటా నారు 25 రోజులకు, వంగ 30, 35 రోజులకు, మిరప 40 రోజులకు తీసి నాటాలి. ముదిరితే పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టుకోలేం, అమ్ముకునేంత లేదు, పారేయడానికి మనసొప్పదు. ఇక మిగిలింది పక్కింటి తలుపు తట్టడమే. "మిమ్మల్ని పరిచయం చేసుకుందామని వచ్చాం" అని వెళ్ళాలంటే ఎవరికైనా మొహమాటమే. "నారు మిగిలిపోయిందండీ, ఆరు మొక్కలు తీసుకోండి" అని వెళ్ళడానికి మొహమాటం లేదు. తీసుకునేవాళ్ళకీ ఇబ్బంది ఉండదు. స్వీటు ఇస్తే తిరిగి ఏమివ్వాలా అని ఆలోచిస్తారు, మొక్కకు ఆ బరువు లేదు.

అసలు పని రెండో వారంలో జరుగుతుంది. ఇచ్చినది ప్రాణమున్నది కాబట్టి దానికి ఏదో ఒకటి అవుతుంది. ఆకు ముడుచుకుంటుంది, పురుగు పడుతుంది, లేదా మొదటి పూత వస్తుంది. అప్పుడు వాళ్ళే మీ గడపకు వస్తారు: "మీరిచ్చిన మొక్క చూడండి, ఇలా అయిందేమిటి?" మీరు వెళ్ళి ఇచ్చిన రోజు కంటే, వాళ్ళు వచ్చి అడిగిన రోజు ముఖ్యం. 2016లో రాయగడలోనే ఒక కాలనీలో ఐదుగురు ఆడవాళ్ళం 600 దాకా మొక్కలు పెంచాం. అడ్డాకు దొప్పల్లో గత్తం, అంటే పశువుల ఎరువు, కలిపిన మట్టి నింపి, దొప్పకో మొక్క పెట్టి ఇంటికి ఆరు చొప్పున పంచాం. దొప్పతో సహా పాతేయవచ్చు, వేరు కదలదు. కుండీల్లో పెట్టుకున్నవాళ్ళున్నారు, గేటు పక్కన జానెడు జాగాలో పెట్టుకున్నవాళ్ళున్నారు. నెలరోజులకు, "మా ఇంట్లో ఎండ తగలడం లేదు, మీ మడి పక్కన కాస్త జాగా ఉందా?" అని అడుగుతూ 20 ఇళ్ళవాళ్ళు వచ్చారు. మేము ఎవరినీ మీటింగుకు పిలవలేదు.

మీ అమ్మగారిది పార్వతీపురం దగ్గర పల్లెటూరు అన్నారు. నారు పోయడం ఆవిడకు వచ్చే ఉంటుంది. మీరూ నేనూ పుస్తకం చూసి చెప్పేదానికంటే బాగా వచ్చి ఉంటుంది. నారుమడి బాధ్యత ఆవిడకు ఇవ్వండి. సాయం చేయమని కాదు, ఆవిడే పెద్దగా ఉండమని అడగండి.

మడి ఎలా చేయాలి. మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు, జానెడు ఎత్తు. రెండు మూడు మళ్ళు చాలు. బాగా మాగిన గత్తం కలపాలి, పచ్చి పేడ వద్దు. ఆ గత్తంలో ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మేలుచేసే శిలీంధ్రం పొడి) కలిపి వారం నీడలో ఉంచితే నారుకుళ్ళు తెగులు తగ్గుతుంది. గింజలు వరసల్లో పలచగా పోసి, పైన పొడి గత్తం జల్లి, గడ్డి కప్పండి. మొలక కనబడగానే గడ్డి తీసేయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా మొలక పాలిపోయి సాగుతుంది. మీరు ఆగస్టులో మొదలుపెడుతున్నారు కాబట్టి వాన దెబ్బ తప్పదు. వెదురు బద్దలు వంచి వాటిమీద ప్లాస్టిక్ షీటు వేయండి, పక్కల నుంచి గాలి ఆడాలి. సెప్టెంబరు చివర్లో నారు పంచడానికి వస్తుంది, వాన తగ్గుతున్న సమయం, నాటుకోవడానికి అనుకూలం.

నేల గురించి ఒక మాట. ఇక్కడి ఎర్రనేలలు చాలావరకు పులుపు నేలలు, అంటే ఆమ్లగుణం ఉన్నవి. అందుకే పార్వతీపురం పక్క బాగా కాసిన మొక్క ఇక్కడ ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోతుంది. గుణుపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మట్టి పరీక్ష చేయించండి. పులుపు ఎక్కువని తేలితే చదరపు మీటరుకు రెండు గుప్పెళ్ళ వ్యవసాయ సున్నం మట్టిలో కలిపి, రెండు మూడు వారాలు ఆగి నాటాలి. ఇంకో గండం ఎండు తెగులు. పచ్చగా ఉన్న టమాటా, వంగ మొక్క ఒక్కసారిగా వాడిపోతుంది, నీళ్ళు పోసినా లేవదు. కాండం కోసి గాజు గ్లాసు నీళ్ళలో నిలబెడితే తెల్లటి దారంలా జిగురు దిగుతుంది. అదైతే మందు లేదు, మొక్క పీకి కాల్చేయడమే. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ ఉత్కల్ కుమారి లాంటి టమాటా రకాలు దీన్ని తట్టుకుంటాయి, అడిగి తెచ్చుకోండి. మొదటి ఏడాదే పంచిన మొక్కలన్నీ చచ్చిపోతే మళ్ళీ ఎవరూ తలుపు తీయరు. అందుకే రకం విషయంలో పట్టుబడుతున్నాను.

లేఅవుట్ జాగా కాబట్టి ఇటుక ముక్కలు, గాజు పెంకులు, సిమెంటు పెళ్ళలు ఉంటాయి. తవ్వుతూ కూర్చోకండి, పైన అడుగు ఎత్తున మంచి మట్టి పోసి మళ్ళు కట్టండి. ఒకవేళ ఆ జాగాను ఫ్యాక్టరీ బూడిదతో పూడ్చి ఉంటే తినే మొక్కలు వేయవద్దు, బంతి, చామంతి వేసుకోండి.

నీళ్ళ లెక్క సులువు. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. రెండు సెంట్లలో సగం దారులకు పోతే మళ్ళకు 40 చదరపు మీటర్లు మిగులుతాయి. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్లు వేసుకున్నా 200 లీటర్లు, అంటే ఒక డ్రమ్ము. 30 సెంట్లూ ఒకేసారి వేస్తే ఆ నీళ్ళ టెన్షన్‌తోనే మార్చికల్లా చేతులెత్తేస్తారు. డ్రమ్ముకు మూత ఉండాలి, వారానికోసారి పూర్తిగా వంపి ఆరబెట్టాలి. మంచినీళ్ళు నిలవుంటే వారం పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది. జ్వరాలంటే మన ప్రాంతంలో జనానికి ఊరికే భయం కాదు. "తోట వల్లే దోమలు" అన్న మాట ఒక్కసారి వచ్చిందంటే ఆ తోట పని అయిపోయినట్టే. నేను చెప్పిన రెండో తోట పోయింది అలాగే, గుణుపురంలో.

ఇప్పుడు అందరికీ పనికివచ్చేదీ, ఎవరూ చెప్పనిదీ ఒకటి చెబుతాను. పంట కాలెండరు వేసుకునేటప్పుడు ముందు అందరి పండగలూ రాసుకోండి.

2022 జూన్‌లో నేను చూసుకుంటున్న రాయగడ తోటలో జరిగింది వినండి. జూన్ 14న ఏరువాక పున్నమి. మన తెలుగువాళ్ళం ఆ రోజు గునపం వేసి కొత్త మడి మొదలుపెడదామని అనుకున్నాం. కొబ్బరికాయ, పసుపు కుంకుమ తెచ్చుకున్నాం. ఉదయం ఆరింటికి ఎదురింటి ఒడియా ముసలావిడ కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది. తవ్వడానికి వీల్లేదంది. ఆ రోజే వాళ్ళ రజ పండగ మొదలు. ఆ మూడు రోజులు భూదేవి రజస్వల అయి విశ్రాంతి తీసుకుంటుందని వాళ్ళ నమ్మకం. దున్నకూడదు, తవ్వకూడదు. ఆడపిల్లలు పని చేయకూడదు, కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాల ఊగాలి. నాలుగో రోజు భూదేవికి స్నానం చేయించాకే మట్టి ముట్టాలి.

మావాళ్ళలో ఇద్దరు మాట తూలారు. "మన పండగ మనం చేసుకుంటే వీళ్ళకేం?" అన్నారు. ఆవిడకు తెలుగు వచ్చు, విన్నది. ఒక్క క్షణం ఐదేళ్ళ కష్టం అక్కడే మట్టిలో కలిసిపోతుందనిపించింది నాకు. చివరికి ఆవిడే దారి చూపింది. తోట చివర మామిడిచెట్టు ఉంది కదా, దానికి ఉయ్యాల కట్టమంది. మా కొబ్బరికాయ ఆ చెట్టు కింద కొట్టాం. ఆ మూడు రోజులూ గునపం ముట్టలేదు. పిల్లలు, ఆడవాళ్ళు వంతులవారీగా ఉయ్యాల ఊగారు. ఒడియావాళ్ళు పొడ పిఠా అనే కాల్చిన పిండివంట తెచ్చారు, మనవాళ్ళు బూరెలు తెచ్చారు. అద్దెకుంటున్న కంధ ఆదివాసీ కుటుంబం అమ్మాయిలు ముగ్గురు అంతకుముందు తోటవైపు చూసేవారే కాదు, ఉయ్యాల కోసం వచ్చారు. నాలుగో రోజు భూదేవి స్నానం అయ్యాక ఆ ముసలావిడ చేతనే మొదటి గునపం వేయించాం. అప్పటి నుంచి మా తోటలో ఏరువాక అంటే రజ అయిన మర్నాడే. పంచాంగంలో పున్నమి ముందొచ్చినా వెనకొచ్చినా అదే లెక్క.

పసుపు సంగతి కూడా ఇలాంటిదే. ఒడియా ఇళ్ళలో కార్తీక పున్నమి అయిన ఎనిమిదో నాటికి ప్రథమాష్టమి వస్తుంది, మన లెక్కలో కార్తీక బహుళ అష్టమి. ఇంట్లో తొలిచూలు బిడ్డకు కొత్త బట్టలు పెట్టి హారతి ఇస్తారు. ఆ రోజు ఎండురి పిఠా చేయాల్సిందే. మనం పనసాకుల్లో పొట్టిక్కలు వండినట్టు, వాళ్ళు మినప్పిండి, బియ్యప్పిండి కలిపి లోపల కొబ్బరి, బెల్లం పెట్టి పసుపు ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు లేకపోతే పిఠా లేదు. కటక్ నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబానికి ఈ ఊళ్ళో పసుపు ఆకు ఎక్కడ దొరుకుతుందో ఎలా తెలుస్తుంది? మేము ఒక ఏడాది జూన్‌లో కంచె పొడవునా ఒక వరస పసుపు కొమ్ములు పాతాం, మాకు సంక్రాంతికి పచ్చి పసుపు వస్తుందని. నవంబరులో ఒకరోజు తెల్లవారుజామున నలుగురు ఒడియా ఆడవాళ్ళు కంచె దగ్గర నిలబడి ఉన్నారు, అడగాలా వద్దా అని. మేము ఆకు కోసి ఇచ్చాం. సాయంత్రానికి మా ఇంటికి వచ్చిన పిఠాలు మేము తినగలిగినన్ని కావు. ఇప్పుడు ఆ తోటలో పసుపు మూడు వరసలు. ఆకు వాళ్ళకు, దుంప అందరికీ. అలాగే చేమదుంపలు వేయండి. కార్తీకంలో వాళ్ళ నియమం వంటల్లో అవి కావాలి, మనకు పులుసులోకి కావాలి. బీహార్ వాళ్ళను ఛఠ్ పూజకు ఏం కావాలో అడగండి. చెరకు, పచ్చి పసుపు, అల్లం మొక్కతో సహా కావాలంటారు. నాలుగు చెరకు గడలకు పెద్ద జాగా అక్కర్లేదు.

భాష గురించి భయపడకండి. వాట్సాప్ గ్రూపు పెడితే లిపి తగాదా వస్తుంది, తెలుగులో రాస్తే సగంమంది చదవలేరు, ఒడియాలో రాస్తే మిగతా సగం. వాయిస్ మెసేజ్‌లు పెట్టుకోమనండి. పిల్లల చేత చెక్క ముక్కలమీద పేర్లు రాయించి మళ్ళలో గుచ్చండి: బచ్చలికి పోయి, తోటకూరకు ఖొడా, మునగకు సొజొనా, చేమకు సారు. మా తోటలో పిల్లలు వీటితోనే రెండు లిపులూ నేర్చుకున్నారు.

మీ ప్రశ్నలో ఆదివాసీ కుటుంబాలను "కలుపుకుపోవాలని ఉంది" అని రాశారు. మీ మంచి మనసు అర్థమైంది. కానీ కొంచెం వేరుగా ఆలోచించమని అడుగుతున్నాను. ఈ కొండల్లో విత్తనం గురించి తెలిసినవాళ్ళు వాళ్ళే. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ పద్ధతుల్లో ఒకటిగా 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ గుర్తించింది. జయపురం దగ్గర పాత్రపుట్ ఊరి కమలా పూజారి గారికి దేశవాళీ వరి విత్తనాలను కాపాడినందుకు 2019లో పద్మశ్రీ వచ్చింది. మీ కాలనీలో అద్దెకున్న ఆ ఇంటి అమ్మమ్మ పండగకు వచ్చినప్పుడు వెళ్ళి, ఏ గింజ ఎప్పుడు పెట్టాలో అడగండి. మా తోటలో వాచ్‌మన్ భార్య చెప్పేదాకా చిక్కుడు పందిరి ఎటువైపు వేయాలో నాకు కూడా తెలియలేదు. దక్షిణం వైపు వేసి పక్క మళ్ళకు ఎండ లేకుండా చేసేవాళ్ళం. ఆవిడ ఉత్తరం గట్టుకు మార్పించింది.

అదే కారణంతో ఇంకో మాట. తోటలో పండినది అమ్మకండి. మిగిలితే పంచండి. తెల్లవారుజామున కొండ దిగి నెత్తిన కూరలు మోసుకొచ్చే ఆడవాళ్ళు మీ వీధిలోనే అమ్ముకుంటారు. వాళ్ళ బేరం పోగొట్టే తోట మనకొద్దు. గ్రూపులోకి డబ్బు రానంతకాలం లెక్కల గొడవ కూడా రాదు.

కాయలు పోతాయేమోనని అడిగారు. పోతాయి. మేము కంచె బయట, దారి వెంట బచ్చలి, తోటకూర, దొండ వేసి "ఎవరైనా కోసుకోవచ్చు" అని మూడు భాషల్లో బోర్డు పెట్టాం. దానికి "దారి వరస" అని పేరు. లోపలి కాయలు పోవడం చాలావరకు ఆగింది. పశువులకు మాత్రం గట్టి కంచె తప్పదు. వరికోతల తర్వాత వాటిని ఊరిమీద వదిలేస్తారు.

జాగా కాగితాల గురించి తేలిగ్గా తీసుకోకండి. తవ్వకముందే ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో ఆ ప్లాటు రికార్డు తీసి, అది ఎవరి పేరున ఉందో, కిసమ్ (భూమి రకం) గడిలో ఏం రాసి ఉందో చూడండి. గోచర్ అని ఉంటే పశువుల మేత భూమి, దాని జోలికి వెళ్ళకండి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. ఆదివాసీల భూమి చేతులు మారకుండా 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. ఎవరో ఆదివాసీ రైతు పేరున మిగిలిపోయిన ముక్క అయితే, తోట పేరుతో కూడా దాన్ని ఆక్రమించకూడదు, ఆయనను కనుక్కుని మాట్లాడాలి. లేఅవుట్ ఉమ్మడి జాగా అయితే కాలనీ సంఘం పేరున రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. విస్తీర్ణం సెంట్లలో గానీ డిసిమిల్‌లో గానీ రాయించండి, రెండూ ఒకటే, ఎకరంలో నూరో వంతు. గుంఠల్లో వద్దు. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలు, తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళకు 40 గుంటలు, అక్కడ తేడా వస్తుంది. న్యూయార్క్‌లో జనం ఖాళీ స్థలాల్లో ఏళ్ళ తరబడి పెంచుకున్న వందకు పైగా తోటలను 1999లో నగరపాలన వేలానికి పెట్టింది. కొన్ని సంస్థలు ముందుకొచ్చి కొన్నాయి కాబట్టి అవి మిగిలాయి. మనకు అలా కొనేవాళ్ళు ఉండరు. సింగపూర్‌లో 2005 నుంచి ప్రభుత్వ పార్కుల సంస్థే ఇళ్ళ మధ్య తోటలు వేయిస్తోంది, అక్కడివాళ్ళకు ఆ బెంగ లేదు. మీకు అనుమతి దొరికేలోగా నారుమడిని మీ ఇంటి మిద్దెమీద ట్రేలలో పోయండి. 98 గుంతలుండే నారు ట్రేలు ఆరు తీసుకుంటే కాలనీకి సరిపోతుంది. నారుతో మొదలుపెట్టమనడంలో ఈ వీలు కూడా ఉంది, జాగా దక్కకపోయినా పని ఆగదు.

ఖర్చు భయం వద్దు. మొదటి ఏడాది మాకు విత్తనాలు, షీటు, గత్తం, ట్రేలు కలిపి నాలుగు వేలు దాటలేదు. ఐదిళ్ళవాళ్ళం వేసుకున్నాం. చందాలు మాత్రం మొదట్లోనే వసూలు చేయకండి.

ఈ ఆదివారం మట్టి పరీక్షకు మట్టి తీయండి. వచ్చే వారం నారు పోయండి: టమాటా, వంగ, మిరప, ఒక వరస బంతి. బంతి ఇప్పుడు పోస్తే దీపావళికి అందుతుంది. ఇంకొకటి, మీ అమ్మగారు ఊరి నుంచి వచ్చేటప్పుడు ఏవో గింజలు గుడ్డలో మూటకట్టి తెచ్చే ఉంటారు. బీరువా మూలో, పోపుల డబ్బా పక్కనో ఉంటాయి, అడిగి చూడండి. అవి ఏమిటో ఇక్కడ రాస్తే, ఈ నేలలో ఏ నెలలో పెట్టాలో చెబుతాను.